వెనక్కి నడిచే మాస్టారు

డ్రాయింగ్ మాస్టారు తిన్నగా ముందుకు నడిచిన రోజులు తక్కువ. బొమ్మకు రెండు గీతలు గీయడం, కుంచె చెవి సందున దోపుకోవడం, ఎడమ కన్ను మూసి వెనక్కి వెనక్కి నడవడం ఆయనకు ముప్ఫయ్యేళ్ల అలవాటు. ఇంట్లో ఆయన బొమ్మ ముందు నిలబడ్డాడంటే చాలు, భార్య కుర్చీలన్నీ గోడవారకు జరిపేస్తుంది. బళ్లో బొమ్మల తరగతి ఉంచాలో తీసెయ్యాలో తేల్చడానికి తనిఖీ అధికారిణి వస్తున్న రోజున, అలా నడుస్తూనే ఆయన బల్ల మీది మట్టి కూజాను మోచేత్తో పడేశాడు. ఆయన ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ పిల్లలు చూసి గీసేది ఆ ఒక్క కూజానే. "ఖర్మ! ఇప్పుడేం గీస్తారండీ వీళ్లు?" అంది హెడ్మిస్ట్రెస్. "కూజానే," అన్నాడాయన, పెంకులు జేబులో వేసుకుంటూ.

అధికారిణి వచ్చేసరికి నలభై మంది అమ్మాయిలు ఖాళీ బల్లకేసి తదేకంగా చూస్తూ గీస్తున్నారు. "దేన్ని చూస్తున్నారమ్మా?" అందావిడ. "కొంచెం జరగండి మేడమ్, కూజాకి అడ్డొస్తున్నారు," అంది వెనక బెంచీ అమ్మాయి. ఆవిడ గబుక్కున పక్కకు తప్పుకుంది. నలభై కాగితాల మీదా అదే కూజా, ఎవరు కూర్చున్న వైపు నుంచి వాళ్లకు కనిపించినట్టు. మూతి దగ్గర ఊడిన పెచ్చు కిటికీ పక్క వాళ్ల బొమ్మల్లోనే ఉంది. ఆవిడ ఒక బొమ్మను గోడకు ఆనించి, ఎడమ కన్ను మూసి, ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత ఇంకొకటి. మాస్టారు ఒక్క పరుగున వెళ్లి, ఆవిడ వెనకున్న నీళ్ల బకెట్టు తీసేశాడు.