కాంటెస్సాలో తాత పోయించిన కొసరు

గౌలిపురాలో పాలు పోసే మా రామ్‌చందర్ తాతకు రెండు గొప్పలు. ఒకటి, పాలు కొలిచాక ప్రతి గిన్నెలో ఒక వంపు కొసరు పోయనిదే చెయ్యి వెనక్కి తీసుకోడు. పాలలో నీళ్లెన్ని కలిపావని అడిగినవాళ్లకు కూడా పోశాడు. రెండోది, ఏసీ ఉన్న పాత కాంటెస్సా కారు. గల్లీలో ఎవరి పెళ్లయినా పెళ్లికూతురు అందులోనే ఎక్కాలి.

ఆ ఏసీ చల్లగాలి ఇవ్వడం మానేసి ఏళ్లయింది. ఆ సంగతి బయటపడకూడదని తాత అద్దాలు దించనిచ్చేవాడు కాదు. అందుకని మా పెళ్లికూతుళ్లు లక్ష్మీదేవుల్లా ఎక్కి, ఉడకబెట్టిన కందగడ్డల్లా దిగేవారు.

ఈసారి పెళ్లి సొంత మనవరాలు కీర్తిప్రియది. నడి ఎండాకాలం, పట్టపగలు ముహూర్తం. మగపెళ్లివాళ్లు కొత్త తెల్లకారు పంపుతామన్నారు.

"తాతా, నీ కార్ల చల్లగాలి వస్తెనే ఎక్కుత. లేకుంటే వాళ్ల కార్ల పోత," అని తేల్చేసింది కీర్తి.

"నువ్వే ఎక్కకపోతే గల్లీల నా మొఖం ఎట్ల చూపియ్యాలె బిడ్డా?"

"నీ మొఖానికే గింత ఫికర్ ఉంటే, మేకప్ ఏసుకున్న నా మొఖానికి ఎంతుండాలె?"

"పిల్ల సక్కగన్నది," అంది నానమ్మ రాజమణి. "గా కార్ల కూసునుడు ఒకటే, ఇడ్లీ గిన్నెల కూసునుడు ఒకటే."

తాత వెంటనే కారును బార్కస్‌లో అవద్ షెడ్డుకు తోలుకెళ్లాడు. అవద్ కార్ల ఏసీలు బాగుచేస్తాడు. అతని తండ్రి కాలం నుంచీ ఆ ఇంటికి పాలు తాతే పోస్తున్నాడు.

"చాచా, దీంట్ల పోసే పాత గ్యాస్ ఎప్పుడో బంద్ అయింది," అన్నాడు అవద్. "ఇప్పుడంత కొత్త గ్యాస్. దానికి పాత ఆయిల్ నడ్వది, పాత రబ్బర్ రింగులు నడ్వవు. అన్ని కడగాలె, మార్చాలె."

"బర్రెకు దాణా మార్చినట్టా?"

"గంతే అనుకో చాచా."

దాణా మాట వచ్చాక తాతకు అంతా అర్థమైపోయింది. అవద్ పైపులు కడిగాడు, పాత ఆయిల్ వదిలించి కొత్తది పోశాడు, రింగులు మార్చాడు. చివరికి కాటా మీద సిలిండర్ పెట్టి గ్యాస్ ఎక్కించి, వాల్వు కట్టేశాడు.

"కొసరేది?" అన్నాడు తాత.

"ఇది గ్యాస్ చాచా, పాలు కాదు. కొత్తది పాతదానికన్న కమ్మీనే పొయ్యాలె. జ్యాదా అయితే ఉల్టా కొడ్తది."

"ఎక్కువైతే ఖరాబయ్యేది లోకంల ఉంటదా? మీ బాపు కాలం సంది మీ ఇంటికి ఒక్కనాడన్న కొసరు లేకుండ పోసిన్నా?"

ఆ కొసరు తాగే అవద్ అంతవాడయ్యాడు మరి. తల కొట్టుకుంటూ వాల్వు మళ్లీ తిప్పాడు. సాయంత్రం ఖాళీ రోడ్డు మీద ఇంటికొస్తుంటే గాలి చల్లగానే తగిలింది. అదంతా కొసరు మహిమేనని తాత దారి పొడుగునా రాజమణికి ఫోన్లో చెప్పాడు.

పెళ్లిరోజు కీర్తి, నానమ్మ వెనక సీట్లో కూర్చున్నారు. మగపెళ్లివాళ్ల తెల్లకారు ఖాళీగా వెంట వస్తుంటే తాత అద్దంలో దాన్నే చూసుకుంటూ మురిసిపోతూ నడిపాడు. మూసీ మీది నయాపూల్ వంతెన ఎక్కగానే ట్రాఫిక్ బిగుసుకుంది. నెత్తిన ఎండ, కదలని కారు. చల్లగాలి గోరువెచ్చనైంది, ఆ తర్వాత వడగాలైంది. ముందు భాగంలో ఏదో టక్కుమని ఆగింది.

"ఇప్పుడొస్తది, ఇప్పుడొస్తది," అన్నాడు తాత. కీర్తి బాసికం కింద చెమట బొట్టు కట్టింది.

"తాతా, తెల్లకారు ఎనకనే ఉన్నది."

తాత కిందికి దిగేసరికి అవద్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. పెళ్లి పిలుపందుకున్న అవద్, కొసరు మీది అనుమానంతో ప్రెషర్ చూసే గేజీ, ఖాళీ సిలిండర్ స్కూటరుకు కట్టుకుని మరీ కారు వెంటే వచ్చాడు. బానెట్ ఎత్తించి గేజీ పెట్టాడు.

"చూసినవా చాచా, ప్రెషర్ ఎట్లెక్కిందో! పైపులు పగలకుండ ఏసీ దానంతటదే బంద్ అయింది. నీ కొసరు తియ్యాలె."

"పోసిన కొసరు ఎనకకు తీసుకునుడు మా ఖాందాన్‌ల లేదు!"

"పాలల్ల నీళ్లు కలిపేటప్పుడు యాదికి రాలేదా ఖాందాను?" అంది రాజమణి అద్దం లోపలి నుంచి.

కీర్తి తలుపు తెరిచి ఒక కాలు బయట పెట్టింది. కాలికి మెట్టె మెరవలేదు, ఇంకా పెట్టలేదుగా. తాతకు మాత్రం కళ్లు బైర్లు కమ్మాయి.

"తియ్యి అవద్! జల్ది తియ్యి!"

అవద్ గ్యాస్ తీస్తున్నంతసేపూ తాత మూసీ వైపు తిరిగి, ఎవరిదో అంత్యక్రియలైనట్టు నిలబడ్డాడు. కాసేపటికి కారులోంచి చల్లని గాలి వచ్చింది. కీర్తి కాలు లోపలికి వెళ్లింది, తలుపు పడింది.

"ఇగో చాచా, నీ గ్యాస్," అని సిలిండర్ అందించబోయాడు అవద్.

"నాదెట్లయితదిరా? నేనేం ఎనకకు తీసుకోలే. అది నీకు పోసిన కొసరు, ఇంటికి పట్కపో."

స్టీరింగు ముందు కూర్చోగానే తాత తన జీవితంలో మొదటిసారి అద్దం మొత్తం కిందికి దించాడు. పక్కన ఆగిన ఆటోవాణ్ణి కేకేశాడు. "భాయ్, గిట్ల చెయ్యి పెట్టి చూడు, ఎంత సల్లగున్నదో!"

"అద్దమెత్తు!" అరిచింది రాజమణి. "ఇగ సల్లగాలిల గూడ కొసరు పంచుతున్నవా?"