పట్టీలు లేని చుట్టల గంప

మా ఇంట్లో చుట్ట తాగే మనిషి అవ్వ ఒక్కతే. హిందూపురంలో తాత కాలం నుంచి చుట్టలు చేసే ఇల్లు మాది. బెంగుళూరులో అద్దాల అంగట్లో, చెక్కపెట్టెల్లో, ఇంగ్లీషు పేర్లతో అమ్ముడయ్యే ఖరీదైన చుట్టలు. అయినా నాయన తాగడు, చిన్నాయన తాగడు. అవ్వ తాగనివ్వలేదు. "చేసేటోళ్ళే తాగుతా కూచుంటే అంగడికి ఏం పంపిస్తారప్పా, బూడిదా?" అనేది. తను మాత్రం ప్రతి కట్టలోంచీ ఒకటి తీసి వెలిగించేది. సగం దాకా తాగి సరేనంటేనే ఆ కట్టలోని చుట్టలకు కాగితం పట్టీలు చుట్టాలి. అది ఇంటి పద్ధతి.

మేము చేసేవి నాలుగు రకాలు. పట్టీల మీది ఇంగ్లీషు పేర్లు ఇంట్లో ఎవరూ పలకరు, అవ్వ పెట్టినవే వాడుక. మరిది తేలిక. అల్లుడు మొదట తియ్యగా ఉండి, సగం కాలాక చేదెక్కుతాడు. వియ్యంకుడు అన్నిటికంటే ఖరీదు, నెమ్మది. ఆడబిడ్డ ఘాటు. నాలుగూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చుట్టలు అదిమే చెక్క అచ్చు తాత కొన్నది ఒక్కటే ఉంది, రెండోది కొనాలని ఎవరికీ తోచలేదు. తేడా అంతా లోపలి ఆకును కలపడంలో ఉంది. పట్టీ చుట్టేదాకా ఏది ఏదో చెప్పేది ఆరబెట్టే గదిలో అది ఉన్న అర ఒక్కటే.

అవ్వ చనిపోయింది. ఆమె దినాలకు ధర్మవరం నుంచి మేనత్త అందరికంటే ముందు వచ్చింది. బంధువులు పడుకోవడానికి చోటు చాలదని, చుట్టలు ఆరబెట్టే గది తనే ఖాళీ చేసింది. నాలుగు అరల్లోని కట్టలన్నీ ఒకే గంపలో సర్దింది. దారం తెగి రాలినవాటిని చేతికందిన కట్టల్లో దోపింది. పైన పాత పంచె కప్పి, పిల్లలు తొక్కకుండా అటక ఎక్కించింది. ఎంతో జాగ్రత్తగా చేసింది.

దినాలు అయ్యాక బెంగుళూరు అంగడాయన ఫోన్ చేశాడు. మా పెట్టెలు కొనేది ఆయన ఒక్కడే. ముందు అవ్వ గురించి మంచిమాటలు చెప్పాడు. తర్వాత అన్నాడు: "ఈసారి సరుకు పంపించప్పా, చూస్తా. అవ్వ ఉన్నప్పటి మాదిరే ఉంటే ఎప్పట్లాగే తీసుకుంటా. తేడా వస్తే మాత్రం నావల్ల కాదు."

నాయన ఫోన్ పెట్టేసి, అచ్చును గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. "కుదరకపోతే దీన్ని ఎత్తి పెట్టేద్దాం" అన్నాడు. ఆయనకు వేరే పని తెలియదు, ఈ వయసులో నేర్చుకునేదీ లేదు.

అప్పుడే అటక మీది నుంచి గంప దిగింది.

"అక్కా, ఇదేం పని చేసినావు?" అన్నాడు నాయన.

"ఏం చేసినా? అన్నీ చుట్టలే కదప్పా. మా ఊర్లో చీరలైతే రంగు చూసి ఏరుతాం. వీటికేముండాది రంగు?" అంది మేనత్త.

పెనుకొండ నుంచి చిన్నాయనను పిలిపించారు. ఆయన గంపలోకి తొంగిచూసి, తాగి చూడడం తప్ప దారి లేదని తేల్చాడు. దండ వేసిన అవ్వ ఫోటో ఎదురుగానే ఉంది. నాయనకు వెలిగించడానికి చేయి రాలేదు. "మిద్దె మీదికి పోదాం పాండి" అన్నాడు.

"పైకి పోతే కనపడమా? ఇప్పుడు అమ్మ ఉండేది ఆడనే కదా!" అంది మేనత్త.

చివరికి ఆరబెట్టే గదిలోనే కూర్చున్నాం. చిన్నాయన మొదటిది వెలిగించి, పొగంతా లోపలికి లాగి, కళ్ళు తేలేశాడు.

"ఏం తెలిసిందిరా?" అన్నాడు నాయన.

"చుట్ట అని తెలిసింది."

నాయన ఒకటి తాగాడు. మేనత్త ఒకటి తాగింది. మంట తప్ప ఎవరికీ ఏమీ తెలియలేదు. ఇంతకాలం చుట్టలు చేసి బతికిన ఇంట్లో, చుట్ట రుచి తెలిసిన నాలుక ఒక్కటీ మిగల్లేదు.

అవ్వ చుట్టలు చూసే పొద్దుల్లో నేను ఆమె పక్కన పుస్తకం పెట్టుకుని కూర్చునేదాన్ని. రుచి సంగతి నాకూ తెలియదు కానీ అవ్వ తెలుసు. మరిది తాగితే ఆమె ఆగకుండా మాట్లాడేది. అల్లుడు సగానికి రాగానే కాఫీ అడిగేది. ఆడబిడ్డ వెలిగిస్తే ఎదురుపడిన మనిషిని తిట్టేది. వియ్యంకుడైతే కళ్ళు మూసుకుని ఊరుకునేది. ఆ మాటే చెప్పాను.

"అంటే చుట్టను కాదు, తాగేటోళ్ళను చూడాలంటావు" అన్నాడు నాయన.

ఇంకో కట్ట విప్పారు. చిన్నాయన నాలుగు దమ్ములు లాగి, పెనుకొండలో బస్సు తప్పిపోయిన కథ మొదలుపెట్టి, అది వదిలేసి పక్కింటి గొర్రెల సంగతికి వచ్చి, అక్కడి నుంచి ముదిగుబ్బ పెళ్ళిసంబంధం ఒకటి ఎత్తుకున్నాడు.

"మరిది!" అని అరిచాం అందరం.

నాయన చుట్ట సగం కాలింది. ఆయన గొంతు సవరించుకుని వంటింటి వైపు చూశాడు. "రోంత కాఫీ..." అనేలోపే మేనత్త తొడ చరిచి, "అల్లుడే, అల్లుడే!" అంది.

మేనత్త తనది సుఖంగా తాగింది. ఉన్నట్టుండి నాయన వైపు తిరిగింది. "నా పెండ్లికి నువ్వు బస్సు దిగిందే బోజనాల యాళకు! తోడబుట్టినోడివా నువ్వు?"

చిన్నాయన నవ్వలేక గోడకు వాలిపోయాడు. "ఆడబిడ్డను ఆడబిడ్డే పట్టించింది!"

మా అమ్మకు ఆమె ఆడబిడ్డ మరి. అమ్మ మజ్జిగ చెంబుతో గుమ్మంలో నిలబడి ఉంది. "సావు జరిగిన ఇల్లు ఇట్ల ఉంటుందా? ఈదిలో వాళ్ళు ఏమనుకుంటారు?" అంది. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత గది తిరగడం మొదలైంది. చిన్నాయన లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. నాయన నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఏ కట్ట విప్పినా అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఇంకేం విప్పినా మరిదే అయ్యేలా ఉంది. కాబట్టి మిగిలినవి నాకిచ్చారు.

"ఈ పాప పుట్టినప్పటి నుంచి నోరు ఇప్పలేదు. అన్నీ వియ్యంకుడనే తేలుతాది" అన్నాడు చిన్నాయన.

తేలలేదు. ఒకదానికి కాఫీ కావాలనిపించింది. ఒకదానికి చిన్నాయన మీదే కోపం వచ్చింది. చివరి కట్టకు మాత్రం గదిలో అందరూ ఊరుకున్నారు. ఆ పొగ అవ్వ కొంగు వాసన వేసింది. నాయన దానికి వియ్యంకుడి పట్టీలు తీసుకున్నాడు.

సరుకు బెంగుళూరు బస్సులో వెళ్ళింది. మేనత్త ధర్మవరం వెళ్ళిపోయింది. నాయన కొత్తగా ఆకు కలపలేదు. అచ్చును గుడ్డలో చుట్టి, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. నేను స్పీకర్ ఆన్ చేశాను.

"అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ ఖరీదు పెట్టెలో మాత్రం ఒకటి ఘాటుది వచ్చిందప్పా" అన్నాడు అంగడాయన.

మేనత్త చేతికందిన కట్టలో దోపిన ఆడబిడ్డ. నాయన ముఖం చూడలేకపోయాను.

"తప్పయిపోయిందన్నా" అన్నాడు.

"తప్పేంది? ప్రతిసారీ వచ్చేదే కదా. ఒకసారి మీ అమ్మనే అడిగినా. 'ఉండనీ నాయనా, పెద్దమనుషులు అప్పుడప్పుడు దగ్గాల' అనింది. అది ఎవరికి తగుల్తుందోనని నా గిరాకీలు పందెం కట్టుకుంటారు. ఈసారి ఆయమ్మ లేదు కదా, అది రాదనుకున్నా. వచ్చింది. నాకు ఆ గుర్తు చాలు. వచ్చే నెలకు ఎప్పటి మాదిరే పంపించు."

నాయన ఫోటో వైపు తిరిగాడు. ఆ ఘాటుది కావాలనే పెట్టేదని మాకెవరికీ చెప్పలేదు అవ్వ. పెట్టెలు మూసేటప్పుడు ఒక్కతే కూర్చునేది, అంతే తెలుసు.

తర్వాత గుడ్డ విప్పి అచ్చు బయటికి తీశాడు. ధర్మవరం ఫోన్ కలిపాడు.

"అక్కా, నెలాఖరుకు ఒకతూరి వస్తావా? గంప సర్దాల."