పుస్తకం మీద అరచెయ్యి

ఇరాన్, ఇరాక్ యుద్ధం సాగుతున్న రోజులవి. నేను దుబాయ్‌లో ఒక పత్రికాఫీసులో టైపిస్టుని. ఆ యుద్ధాన్ని సూడాన్ జనం ఎలా చూస్తున్నారో రాసుకు రమ్మన్నాడు మా హైదరాబాదీ ముదీర్, అంటే మేనేజరు. అంత దూరం పంపడు కదా, దారిలో కనపడ్డ సూడానీనల్లా అడగమన్నాడు.

అబూధాబీ వెళ్లే షేర్ టాక్సీలో నా పక్కనే ఒకాయన దొరికాడు. సూడానీలు చుట్టే పెద్ద తెల్ల తలపాగా. నోటుపుస్తకం తెరిచి హిందీలో అడిగేశాను.

"చాచా, మీ దేశం ఎవరి వైపు?"

ఆయన నా పుస్తకం మూసి, దానిమీద అరచెయ్యి పెట్టాడు.

"ఎవరి వైపో అడిగావు. ఎలా ఉన్నామో అడగలేదు," అన్నాడు, బిల్డింగులు కట్టే సైట్లలో నేర్చిన హిందీలో. "మా దగ్గర ముందు మంచీచెడూ. ఆ తర్వాతే పని మాట."

ఇక వరసగా అడిగాడు. మా ఊళ్లో వానలు పడ్డాయా? పశువులు బాగున్నాయా? పిల్లలున్నారా? బిడ్డ పేరేమిటి? నేనిక్కడికొచ్చాక పుట్టిన, నేనింకా చూడని బిడ్డ పేరు ఇక్కడ పైకి చెప్పడం అదే మొదటిసారి.

తర్వాత నా వంతు. ఏది అడిగినా "అల్హందులిల్లా", అంతా దేవుడి దయ, అన్నాడు. ఒక తమ్ముడున్నాడట, అతని సంగతి అడిగితే మాత్రం ఆ మాట అనలేదు.

"మా దేశంలోనూ యుద్ధముంది. వాడు అందులో ఉన్నాడు. దాని కోసం ఇక్కడ ఎవరూ పుస్తకం తెరవలేదు."

అబూధాబీకి ముందొచ్చే మఫ్రఖ్ దగ్గర దిగిపోయాడు.

మర్నాడు ఖాళీ పేజీ చూసి ముదీర్ మండిపడ్డాడు. "ఇంతకీ సూడాన్ ఏమంటున్నదయ్యా?"

అంతవరకూ ఆయన ముందు నేనెన్నడూ కూర్చోలేదు. కుర్చీ లాక్కొని కూర్చున్నాను.

"ముందుగాల మా బిడ్డ ఎట్లున్నదో అడుగుండ్రి సార్. సూడాన్ ముచ్చట తర్వాత చెప్త."