జర్మన్ జనరల్‌కి కొట్టిన చప్పట్లు

ప్లేనోలో మా తెలుగు సంఘం ఏటా ఉగాదికి ఒక స్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుంటుంది. పిల్లల డాన్సులయ్యాక, భోజనాలకు ముందు, నాన్న స్నేహితుడైన ఒక అంకుల్ ఏకపాత్రాభినయం చేస్తారు. కిరీటం పెట్టుకుని, గద భుజాన వేసుకుని, ఏదో ఒక పురాణ రాజై ఒక్కరే వేదికంతా ఏలుతారు. ఓడిపోయే రాజులంటే ఆయనకు మరీ ఇష్టం. గొంతు గొప్పది, ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను.

ఈ ఏడాది ఆయనకు కిరీటాల మీద విసుగొచ్చింది. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, "ఈసారి వరల్డ్ వార్ చేద్దామమ్మా. జర్మన్ జనరల్! ట్యాంకులు, మంచు, ఓటమి... ఏం క్యారెక్టరో! నువ్వు రాసిపెట్టు" అన్నారు. నేను నలుగురిలో నోరు విప్పని దాన్ని. డైరీ రాసుకుంటానని అమ్మ ఎవరితోనో అంటే, అది ఊరంతా తిరిగి నన్ను రచయిత్రిని చేసింది.

అంకుల్ డాక్యుమెంటరీల్లో చూసి మెచ్చుకున్న జనరల్ ఒకాయన ఉన్నాడు. పేరు ఇక్కడ రాయను. ఆఫీసయ్యాక లైబ్రరీకి వెళ్ళి ఆయన గురించి దొరికిందల్లా చదివాను. బడిపంతులు కొడుకు. మొదటి యుద్ధంలో కందకాల్లో గాయపడ్డాడు. యుద్ధం ఓడిపోయినా సైన్యాన్ని వదల్లేదు, మెట్టు మెట్టు ఎక్కాడు. రెండో యుద్ధంలో ట్యాంకులు నడిపించి పతకాలు తగిలించుకున్నాడు. తూర్పు వైపు వెళ్ళినప్పుడు మాత్రం ఆయన ఆజ్ఞల మీద ఊళ్ళకు ఊళ్ళు తగలబడ్డాయి. ఓడిపోయాక కొన్నాళ్ళు జైలు. శిక్ష పూర్తికాక ముందే వదిలేశారు. తర్వాత తన యుద్ధాల గురించి లావుపాటి పుస్తకం రాసి, గులాబీలు పెంచుకుని, సొంత మంచం మీద పోయాడు. ఆ పుస్తకంలో ట్యాంకుల రిపేర్లకు పేజీలకు పేజీలున్నాయి. ఊళ్ళకు ఒక్క పేరా లేదు.

ఆ లేని పేరా కోసమే నేను రాయడానికి కూర్చున్నాను. ముసలి జనరల్ తోటలో నిలబడి తన జీవితమంతా చెప్పుకొస్తాడు. చివర ఎవరో ఊళ్ళ గురించి అడిగినట్టు ఉలిక్కిపడి, "నేను సైనికుణ్ణి మాత్రమే!" అని గర్జిస్తాడు. అది ఆయన జీవితమంతా దాక్కున్న అబద్ధం. వెంటనే గొంతు దిగిపోతుంది. ఒక ఊరి బావి గుర్తొస్తుంది. నిజంగా ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. నేను ఒప్పించాలనుకున్నాను.

మొదటి రిహార్సల్ అంకుల్ వాళ్ళ మేడ మీది గేమ్ రూమ్‌లో జరిగింది. ఆయన ఆన్‌లైన్‌లో పొడుగు కోటు తెప్పించుకున్నారు. దాని చేతి మీది నాజీ గుర్తు కత్తిరించి పారేశారట. "ఇక్కడ అలాంటివి ప్రాబ్లమ్ అవుతాయమ్మా" అన్నారు. గర్జన దాకా అద్భుతంగా చేసి ఆగారు.

"ఇంత పైకెక్కించి చివర్లో దించేశావేంటి తల్లీ? 'సైనికుణ్ణి మాత్రమే' దగ్గర కట్ చేస్తే హాలు లేచిపోతుంది చూడు!"

"అంకుల్, ఆ మాట అబద్ధం. బావి లేకపోతే అదే నిజమైపోతుంది."

"విలన్‌లో హీరోని చూపించాలమ్మా. ఏకపాత్ర అంటేనే అది. కాలేజీ నుంచీ చేస్తున్నా, జనం నాడి నాకు తెలీదా?"

ఇంటికొస్తుంటే కార్‌లో అమ్మ మొదలుపెట్టింది. "నాన్న లేఆఫ్ అయినప్పుడు రిఫర్ చేసింది ఎవరే? నాలుగు లైన్ల కోసం ఆయనతో వాదన పెట్టుకుంటావా?"

"నాలుగు లైన్లు కాదమ్మా."

"మరేంటి?"

నేను రాసిన మాటలే నేను అనుకున్నదానికి ఎదురు తిరుగుతున్నాయని చెప్పాలి. మాటలు కూర్చుకునేలోపు సిగ్నల్ పడింది, అమ్మ వేరే మాటలోకి వెళ్ళిపోయింది.

ఉగాది రోజు నేను తెర పక్కన, ఆయన తీసేసిన బావి పేజీతో సహా కాగితాలన్నీ పట్టుకుని నిలబడ్డాను. ప్రాంప్టింగ్ నా పని. అంకుల్ ఏ మాట మర్చిపోయినా కాస్త చెవి ఇటు వంచుతారు, నేను అందిస్తే ఆలోచించకుండా అందుకుంటారు. ఆ రోజు ఒక్కసారీ వంచలేదు. "నేను సైనికుణ్ణి మాత్రమే!" అనగానే హాలు నిజంగానే లేచింది. ఈలలు. వెనక నుంచి ఎవరో "వన్స్ మోర్!" అని అరిచారు. మా వేదికల మీద వన్స్ మోర్ అంటే నటుడు ఆ ముక్క మళ్ళీ చెప్పి తీరాలి.

ఆయన చెప్పారు. రెండోసారి చప్పట్లు వెంటనే పడలేదు. ఇంకేదో ఉందని జనం చూస్తున్నారు. ఎలా ముగించాలో తోచక ఆయన చెవి నా వైపు వంచారు.

నేను తర్వాతి లైను అందించాను.

"ఆ ఊరి బావిలో నీళ్ళు కనపడలేదు..." అన్నారాయన, ఆ గొప్ప గొంతుతో. నేను మిగతాది కూడా అందించాను: పిల్లల చేతులు కనపడ్డాయని. అది తను తీసేసిన పేజీ అని అప్పుడు గుర్తుపట్టారు. ఆ మాట అనకుండానే సెల్యూట్ కొట్టి, వెనక్కి తిరిగి నడిచారు. చప్పట్లు హోరెత్తాయి.

"తీసేసిన పేజీ చదివేశావమ్మా, కంగారులో. పర్లేదులే, కవర్ చేశా" అని తెర వెనక నవ్వుతూ కోటు విప్పారు అంకుల్.

"కంగారు కాదు అంకుల్, కావాలనే చదివాను" అన్నాను. ఆయన అప్పటికే ఎవరితోనో సెల్ఫీకి నిలబడ్డారు.

భోజనాల క్యూలో నా ముందున్న ఒక ఆంటీ కళ్ళు తుడుచుకుంటూ తిరిగింది. "పాపం, ఆ సైన్యానికి తాగడానికి నీళ్ళు కూడా దొరకలేదామ్మా? నాకు ఏడుపొచ్చేసింది."

"కాదు ఆంటీ. ఆ బావిలో నీళ్ళు కనపడనంతగా పిల్లల శవాలున్నాయి. వేసింది ఆయన సైన్యమే."

ఆమె చేతిలో పులిహోర గరిటె ఆగిపోయింది. "మరి అలాంటివాడికి మాతో చప్పట్లు ఎందుకు కొట్టించావు?"

"నేను కాదు..."

"రాసింది నువ్వేనని మైకులో చెప్పారుగా?"

అవునన్నాను.

వీడియో వాట్సాప్‌లో తిరిగింది. శాన్ రామన్ ఊరి తెలుగువాళ్ళు తమ వేదిక మీద చెయ్యమని అంకుల్‌ని పిలిచారు. విమానం టికెట్టు కూడా వాళ్ళే బుక్ చేశారట. ఈ సంగతి తెలిశాక, ఫోన్లంటే భయపడే నేను ఆయనకు ఫోన్ చేశాను. బావి పెట్టమని అడిగాను. టైమ్ తక్కువిచ్చారమ్మా అన్నారు. అయితే నా పేరు చెప్పొద్దన్నాను.

"ఎంత మాట తల్లీ! నీ కష్టం నేను కొట్టేస్తానా? నీ పేరు స్క్రీన్ మీద పెద్ద అక్షరాలతో వేయిస్తాను, చూసుకో."