ఎక్కాల వరసలో ఇటాలియన్

మా మనవరాలు ఇటాలియన్ పరీక్ష ఒకసారి తప్పింది. కంపెనీ వాళ్ళు మూడు వారాలాగి ఇంకొక్కసారి పెడతామన్నారు. అదీ తప్పితే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే చిక్కడపల్లిలో నా దగ్గర ఉండటమూ లేదు. నిజామాబాదులో వాళ్ళ నాన్న, అంటే మా అల్లుడు, ముందే చెప్పేశాడు: ఈసారి రాకుంటే బట్టలు సర్దుకొని ఇంటికి రావాలని. మా అల్లుడు మాట తప్పే మనిషి కాదు. పెళ్ళిచూపుల్లో ఆ గుణం చూసే పిల్లనిచ్చాం, ఎవరినేమనగలం!

ఆ ఉద్యోగమేమిటో నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఇటలీ దేశంలో ఎవరో సరుకు కొంటారట. అది రాలేదనో, వచ్చేసరికి పగిలిందనో ఫోన్ చేస్తే మన హైదరాబాదు పిల్లలు వాళ్ళ భాషలో జవాబు చెప్పాలట. అక్కడ పగిలినదానికి ఇక్కడ మనమెందుకు జవాబుదారీ అని అడిగితే, "అమ్మమ్మా, నీకెట్ల చెప్పాలె!" అని తలపట్టుకుంది. చెప్పలేనిదాన్ని నేను మళ్ళీ అడగను.

చెప్పాల్సింది వేరే ఉంది. ఆ పిల్ల ఆర్నెల్ల కిందట నేర్చుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచీ పాఠం అప్పజెప్పించుకున్నది నేనే.

నేను నాలుగో తరగతి దాకా చదివాను. నాకొచ్చిన కాస్త చదువూ అప్పజెప్పి వచ్చిందే. చేతులు కట్టుకొని నిలబడి ఎక్కం మొదలుపెడితే చివరిదాకా పోవాలి. మధ్యలో నాలుక తడబడిందో, మళ్ళీ మొదటినుంచి. అట్లా వచ్చింది కాబట్టే ఇప్పటికీ పదమూడో ఎక్కం ఎవరు అడిగినా చెబుతాను. ఫోనులో బొమ్మలు నొక్కుతూ భాష నేర్చుకుంటానంటే నాకు నమ్మకం కలగలేదు.

"నీకు ఇటాలియన్ రాదు గదా, ఎట్ల చూస్తవ్?" అంది పిల్ల.

"తెలుగు అక్షరాలల్ల రాసియ్యి. చూపుడు వేలు పెట్టుకొని చూస్త. తప్పినవో, మళ్ల మొదటికెళ్లి."

"నోట్‌బుక్ కొనుక్కొస్త ఆగు."

"పెండ్లి కార్డుల ఎనుక తెల్లగనే ఉంటది. నోట్‌బుక్కు ఎందుకు?"

అట్లా మా చుట్టాలందరి పెళ్ళిళ్ళ వెనక ఇటాలియన్ క్రియలు వెలిశాయి. మొదటిది 'మాట్లాడు' అనే మాట. పార్లో, పార్లి, పార్లా, పార్లియామో, పార్లాతే, పార్లనో. నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్ళు. ఆరే ముక్కలు. మనకూ ఉన్నవే కదా, మాట్లాడుతాను, మాట్లాడుతావు అని. ఒక్క పొద్దులో ఆ రాగం నాకే నోటికి వచ్చేసింది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అనుకున్నాను, ఇంత మాత్రానికి రోజూ అశోక్‌నగర్‌లో సారు దగ్గరికి కోచింగుకు పోవడం దేనికని.

మర్నాటి నుంచి మొదలైంది నా అయోమయం.

అది ఇప్పటి మాటట. నిన్నటికి వేరే. ఆ నిన్నటిలోనూ ఒకసారి జరిగి అయిపోయినదానికి ఒక తీరు, రోజూ జరుగుతూ ఉండినదానికి ఇంకో తీరు. రేపటికి వేరే. 'అయితే గియితే చేద్దును' అనేదానికి వేరే. ఇవి కాక క్రియల్లో మూడు గోత్రాలున్నాయి. చివర ఆరే అని ఉంటే ఒకటి, ఎరే అని ఉంటే ఒకటి, ఇరే అని ఉంటే ఒకటి. ఏ గోత్రం వాళ్ళ తంతు ఆ గోత్రానికే. ఒకదాని ముక్క తెచ్చి ఇంకోదానికి తగిలించకూడదు. ఇంకా ఇవన్నీ బుద్ధిమంతులైన క్రియలట. మాట వినని క్రియలు వేరే ఉన్నాయట. వాటి జోలికి నేను పోలేదు.

ఒకనాడు బియ్యం ఏరుతూ అడిగాను, "రోజూ జరుగుతుండినది అంటే ఏంది? ఒకటి చెప్పు."

"నువ్వు చిన్నప్పుడు బడికి పోతుంటివి. అది ఆ తీరు."

"మరి బడి మానేసింది?"

"ఒక్కపారి మానేసినవ్ గదా, అయిపోయింది. అది ఈ తీరు."

నిజమే. మా తమ్ముణ్ణి ఎత్తుకునేందుకు మనిషి లేక ఒకరోజు పలక గూట్లో పెట్టేశాను, అంతే. అంత చదువూ ఒక తీరులోకి, అది ఆగిపోవడం ఇంకో తీరులోకి సర్దేసింది ఆ పిల్ల. ఇంకా చదివించి ఉంటే నేనేమయ్యేదాన్నో అని నోటిదాకా వచ్చింది. దానికీ ఒక డబ్బా ఉంటుంది వాళ్ళ దగ్గర. అడగలేదు. బియ్యంలో రాళ్ళు కనపడక మళ్ళీ మొదటినుంచి ఏరాను.

పరీక్ష తప్పి వచ్చిన రోజు పిల్ల గోడకానుకొని ఏడ్చింది. "అన్నీ వచ్చమ్మమ్మా. అడిగితే నోటికి అందలే."

నోటికి అందలేదంటే సాధన చాలలేదన్నమాట. నా లెక్క అదే. పొద్దున ఒకసారి అప్పజెప్పేది పొద్దునా సాయంత్రమూ చేశాను. టీవీ బంద్. పిల్ల గొంతు బొంగురుపోయింది. నేను వేడినీళ్ళిచ్చి మళ్ళీ కూర్చోబెట్టాను.

అట్లా చెబుతుండగా ఒక కార్డు దగ్గర పట్టుకున్నాను. కే ఇయో పార్లి, కే తు పార్లి, కే లూయి పార్లి.

"ఆగు. నాకూ పార్లి, నీకూ పార్లి, వానికీ పార్లి? కండ్లు మూసుకొని చెప్తున్నవా?"

"అది గట్లనే ఉంటది. ముగ్గురికీ ఒకటే."

"ఎప్పుడు అంటరు గిట్ల?"

"అనుమానం ఉన్నప్పుడు, భయమున్నప్పుడు, కావాలని ఆశ ఉన్నప్పుడు. వాడు మాట్లాడుతడో లేదో అని… గట్ల."

అనుమానమొస్తే మనం గొంతు మారుస్తాం, ముఖం మారుస్తాం. క్రియనే మార్చడమేమిటి? మార్చినవాళ్ళు ముగ్గురికీ ఒక్కటే పెట్టడమేమిటి? నాకు ఆ నేర్పే సారు మీదే అనుమానం వచ్చింది. తప్పుడు పాఠం చెబుతున్నాడేమో, పిల్ల అందుకే తప్పుతోందేమో. పరీక్ష ఇంకా నాలుగు రోజులుంది. అడిగి తేల్చుకుందామని నిశ్చయించుకున్నాను.

నారాయణగూడలో మిక్సీ గిన్నె బాగుచేయించే పని ఎలాగూ ఉంది. అది చూసుకొని అటునుంచి అటే అశోక్‌నగర్ నడిచాను. ఆటో ఎందుకు, కాళ్ళున్నాయి. అక్కడ సందు నిండా సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు, జిరాక్సు దుకాణాలు. వాటి మధ్య ఒక మేడ మీద ఇటాలియన్ గది. మెట్లు ఎక్కి, ఆయాసం తీరేదాకా తలుపు బయట చెప్పుల పక్కన కూర్చున్నాను. తలుపు ఓరగా తెరిచి ఉంది.

సారు ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. వరస లేదు, పద్ధతి లేదు. ఒకరిని రేపటిది, ఒకరిని నిన్నటిది. మా పిల్ల వంతు వచ్చింది. "వాళ్ళు రోజూ అమ్ముతుండిరి. ఇటాలియన్‌ల చెప్పు."

వెందేరే, ఎరే గోత్రం. ఆ కార్డు నాకు తెలుసు. పిల్ల బొటనవేలు చిటికెనవేలి కణుపు మీద పెట్టింది. పెదవులు కదులుతున్నాయి. వెందేవో. వెందేవి. వెందేవా. బయట నేనూ ఆమెతోపాటే కదిలిస్తున్నాను. వెందెవామో దగ్గరికి వచ్చామో లేదో, వెనక బెంచీ నుంచి ఎవరో "వెందేవనో" అనేశారు.

"నీకొస్తది, కానీ ప్రతిసారి మొదటినుంచి ఎందుకొస్తవమ్మా?" అన్నాడు సారు. కోపంగా కాదు, జాలిగా. "ఫోన్‌ల అవతలోడు ఆగుతడా? ఎవరు నేర్పిండ్రు గిట్ల?"

"నాకే అలవాటైంది సార్," అంది.

నేను లేచి, చప్పుడు కాకుండా మెట్లు దిగాను. అడగడానికి వచ్చినది అడగలేదు. సందు మలుపులో ఏ పక్కకు తిరగాలో ఒక్క క్షణం తోచలేదు, ఇన్నేళ్ళుగా తిరిగే తోవలో. ఆర్నెల్లు అరిగిపోయేలా చెప్పించి ఆ పిల్ల కాళ్ళకు బంధం వేసింది నేనే. తప్పిన పరీక్షా నాదే. మరి ఎక్కాలు నాకెట్లా వచ్చాయి? నన్నెవరూ పదమూడో ఎక్కం నడిమధ్య నుంచి అడగలేదు కాబట్టా? అదీ తేలలేదు.

ఆ సాయంత్రం కత్తెర తీసుకొని కార్డులన్నీ ముక్కలు చేశాను. ఒక్కో ముక్కలో ఒక్కటే మాట; దాని మీది ఇటాలియన్ కొట్టేసి, ఎవరు, ఎప్పుడు, ఏం చేయడమో తెలుగులో రాశాను. స్టీలు డబ్బాలో వేసి మూతపెట్టి ఊపాను.

"ఏందిది, తంబోలా ఆడతవా?" అంది పిల్ల, చున్నీ కూడా తీయకుండా.

"చెయ్యి పెట్టి తియ్యి. ఏదొస్తె అది చెప్పు. ముందుదీ ఎనుకదీ చెప్పినవంటే ఊకోను."

"పొద్దున దాక మొదటికెళ్లి చెప్పు మొదటికెళ్లి చెప్పు అని పానం దీసినవ్!"

"పొద్దున పొద్దునే, గిప్పుడు గిప్పుడే. తియ్యి."

కారణం చెప్పలేదు. తప్పు చేశానని పిల్లల ముందు ఒప్పుకోవడం నాకు రాదు. పిల్ల డబ్బాలో చెయ్యి పెట్టింది.

మొదటి రోజు నత్తనడక. అంతకంటే పెద్ద చిక్కు నాకొచ్చింది. వరసలో చెప్పినన్నాళ్ళూ రాగం తప్పితే పట్టేసేదాన్ని. రాగం పోయాక నాకేమీ మిగల్లేదు. ముక్క మీద తెలుగులో 'మీరు, రేపు, నిద్రపోవడం' అని ఉంటుంది. పిల్ల "దోర్మిరేతే" అంటుంది. ఔనో కాదో నాకేం తెలుసు! "ఔనా?" అని తననే అడిగేదాన్ని. "ఔనమ్మమ్మా," అనేది. తను ఔనంటే ఔననుకోవాలి. ఎవరి మాటా సరిచూడకుండా నమ్మని మనిషిని, ఆ మూడు రోజులూ అట్లాగే కూర్చున్నాను.

ఈసారి పరీక్ష మా ముందుగదిలోనే, కంప్యూటర్లో. నన్ను వంటింట్లోంచి రావద్దంది. కుక్కరు కూత వేస్తుందని పప్పు గిన్నెలోనే పెట్టాను. గోడ అవతల ఎవరో ఆడమనిషి గబగబా అడుగుతోంది, మా పిల్ల చెబుతోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. తప్పో ఒప్పో తెలియదు. ఒకచోట పిల్ల ఆగింది. నా బొటనవేలు తానంతట తనే చిటికెనవేలి మీదికి పోయింది. నేను రెండో కణుపు దగ్గర ఉండగానే అక్కడ జవాబు వచ్చేసింది. ఏదో అని నవ్వింది కూడా. పరీక్షలో నవ్వడమేమిటో!

కాసేపటికి తలుపు తీసింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

"ఏమాయె?"

"అప్పుడే చెప్పేసిండ్రు. తీసుకున్నరు. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నరు."

"అన్నీ కరెక్టుగ చెప్పినవా?"

"లేదు, రెండు తప్పు పోయినయ్. ఆమె నవ్వింది, నేనూ నవ్విన."

తప్పు చెప్పి, నవ్వి, ఉద్యోగం తెచ్చుకుంది. ఇదెక్కడి పరీక్షో అర్థం చేసుకునేలోపు పిల్ల వాళ్ళ నాన్నకు ఫోన్ చేయడానికి పోయింది. నేను పొయ్యి వైపు తిరిగాను. పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తు రాలేదు. గరిటెతో తీసి నాలుక మీద వేసుకున్నాను. అయినా తెలియలేదు. ఫోన్ అయ్యాక పిల్లనే పిలిచి, నువ్వు చూసి చెప్పవే అన్నాను.