ఐదుతో భాగించడం మరచిన టీచరమ్మ

ఎలినామి టీచరమ్మ కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు మా ఊళ్లో లేరు. ఇరవై రెండేళ్లుగా ఒకే బడిలో ఆవిడ లెక్కలు, నేను స్వాహిలీ చెబుతున్నాం. స్టాఫ్ రూంలో టీ కూడా తలుపుకీ కిటికీకీ మధ్య తిరుగుతూనే తాగుతుంది. ఒక తప్పుకు మాత్రం ఆవిడ దగ్గర దయ లేదు. బిందువు నుంచి సరళరేఖకు దూరం కట్టేటప్పుడు, చివర వర్గమూలంతో భాగించడం మరచిపోతే నేరుగా సున్నా. "పునాది లేకుండా గోడ కడతావటే?" అని నలుగురిలో దులిపేస్తుంది. నాకు లెక్కలంటే పడదు గానీ, విని విని ఆ ముక్క నాకూ కంఠతా వచ్చేసింది.

ఆ ఏడు కొండ మీది నుంచి ఊరికి నీళ్ల గొట్టం వేస్తామన్నారు. రెండు హద్దురాళ్ల మధ్య తిన్నగా పోవాలి. గీతకు అటూ ఇటూ మూడు మీటర్లలోపు ఇల్లున్నా, సమాధి ఉన్నా తీసేయాలి. ఆ గీతకు ఒక పక్క టీచరమ్మ పెరడు, రెండో పక్క ఫిలెమోని షాయో తాత అరటితోట. మేం మావాళ్లను తోటలోనే పాతిపెట్టుకుంటాం. తాత భార్య అనసియా అక్కడే ఉంది. అరటి దట్టంగా ఉండి ఒక రాయి దగ్గర నిలబడితే రెండో రాయి కనపడదు, తాడు లాగడానికీ వీల్లేదు. అందుకే తాత గొట్టం వాళ్లిచ్చిన, గడికో మీటరు చొప్పున గీసిన గళ్ల పటం పట్టుకుని టీచరమ్మ దగ్గరికి వచ్చాడు.

"మూడు ఎక్స్, నాలుగు వై కలుపు, అరవై తీసెయ్," అని పటంలోని గొట్టం గీత లెక్క గొణుక్కుంటూ ఆవిడ నడుస్తూనే కట్టేసింది. సమాధి అంచు పటంలో పన్నెండు, తొమ్మిది దగ్గర ఉంది. "పన్నెండు మీటర్లు తాతా! బెంగపడకు, మీ ఆవిణ్ణి ఎవరూ కదపరు." తాత ఆ మాట మీద, తోటలోంచి గొట్టం పోనిస్తానన్న ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసేశాడు.

మర్నాడు మంగళవారం. తరగతిలో ఐకా అనే పిల్ల బోర్డు మీద అలాంటి మూడు, నాలుగుల దూరం లెక్కే చేసి, భాగించకుండానే సుద్దముక్క పక్కన పెట్టింది. "కింద ఐదేదే?" అని అరిచి టీచరమ్మ అలాగే నిలబడిపోయింది. తాత లెక్కలో తను కూడా, మూడు, నాలుగుల వర్గాలు కలిపితే వచ్చే ఇరవై ఐదుకు వర్గమూలమైన ఐదుతో భాగించలేదు. సమాధి ఉన్నది పన్నెండు మీటర్ల దూరాన కాదు, రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల దూరాన.

"గురువారం తవ్వకం, సూసన్నా," అంది నాతో, చేతులు నలుపుకుంటూ. "ఆ ముసలాయన నన్ను నమ్మాడు."

"ఊరుకోవే. తవ్వేవాళ్లు వచ్చాక వాళ్లే చూసుకుంటారు," అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"ఏం చూస్తారు? ఆవిణ్ణి పెళ్లగించి తీస్తారు!"

ఆ సాయంత్రం హద్దున నాటిన ఇసాలే మొక్క ఆకు ఒకటి కోసి, ముడివేసి, తాత గుమ్మంలోకి వెళ్లింది. మాలో ముడివేసిన ఆ ఆకు తెచ్చినవాళ్లను, తప్పు ఎంతటిదైనా, క్షమించి తీరాలి. తాత ఆకు అందుకున్నాడు.

"ఇది తెచ్చాక నేను తిట్టకూడదు, కాబట్టి తిట్టను. క్షమించాను పో. మరి అనసియాను ఎక్కడ పెట్టమంటావు?"

ఆవిడ వెనక్కి తిరిగింది. ఇంటికి వచ్చి పెరట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉంది. బుధవారం పొద్దున్నే ఊరి పెద్ద దగ్గర కాగితం పరిచింది. "గీత వంకర పోకూడదు, అంతేగా? అరవై బదులు యాభై ఏడు పెట్టండి. అదే వాలు, తిన్నగానే ఉంటుంది. మా వైపు అరవై సెంటీమీటర్లు జరుగుతుంది. సమాధికి సరిగ్గా మూడు మీటర్లు."

"అప్పుడు నీ వంటగది మూడు మీటర్లలోపు పడుతుంది కదమ్మా?"

"పడుతుంది. ఈసారి భాగించే చెబుతున్నా."

ఊరి పెద్ద ఒప్పుకున్నాడు. వంటగది రేకులు టీచరమ్మే ఊడదీసింది. గోడ పడగొట్టడానికి నేనూ చెయ్యి వేశాను.

గురువారం అరటిచెట్లు కొట్టి, మేకులు పాతి కొత్త గీత వెంబడి దారం కట్టారు. టీచరమ్మ నోటుబుక్కు తెచ్చింది. తాత దానివైపు కన్నెత్తి చూడలేదు. కొట్లో టేపుతో కొలిపించి, మూడు మీటర్ల దగ్గర ముడివేసిన తాడు ఒకటి సంచిలోంచి తీశాడు. నాకు ఒళ్లు మండింది. వంటగది కూల్చుకున్న మనిషి లెక్కను ఇంకా నమ్మడా? ఆవిడ నోటుబుక్కు మూసేసింది.

తాత తాడు ఒక కొస సమాధి అంచున మట్టిగడ్డ కింద అదిమి, రెండోది దారందాకా లాగబోయాడు. గడ్డ కింది కొస జారి తాడు వేలాడిపోయింది. మళ్లీ లాగాడు. మళ్లీ జారింది.

"సమాధి వైపు కొస నువ్వు పట్టుకో టీచరమ్మా," అన్నాడు.

ఆవిడ బురదలో మోకాళ్ల మీద కూర్చుని తాడు బిగించి పట్టింది. ముడి సరిగ్గా దారం మీదికి వచ్చింది. తాత వంగి, ముడిని వేలితో తడిమి చూసుకుని, పలుగు పట్టుకుని నిలబడినవాళ్లతో అన్నాడు:

"ఇక తవ్వుకోండి."