చోకు మూయమని వీధిలో అరిచాను

మా ఆయన తన ఆటోలో రోజూ పొద్దున్నే ఆడవాళ్లను మిరపకోతలకు తీసుకెళ్తాడు. ఈ పాత ఆటో వేసవిలో కొన్నాం. రెంటచింతల ఎండలకు దానికి చలిలో స్టార్ట్ కావడానికి లాగే చోకు అవసరమే రాలేదు. ఈ రోజు చలికి ఎంత కొట్టినా స్టార్ట్ కాలేదు. మా నాన్న మోపెడ్‌కు చలికాలంలో చోకు లాగింది నేనే. కానీ అందరి ముందు చెప్పడానికి సిగ్గేసి గుమ్మంలోకీ ఇంట్లోకీ తిరుగుతున్నాను.

“ఏందబ్బాయ్, చానా సేపైంది. మేం వేరే ఆటో ఎక్కుతాం” అంది మరియమ్మ పిన్ని.

ఇక ఆగలేక వెళ్లి, “చోకు లాగి చూడయ్యా” అన్నాను మెల్లగా. లాగగానే ఇంజన్ అందుకుంది. ఆ సంబరంలో చోకు మూయకుండానే బయల్దేరాడు. ఇంజన్ వేడెక్కాక అది మూయకపోతే పెట్రోలు ఎక్కువై దారిలో ఆగిపోతుంది. వెనకాలే పరుగెత్తి, “ఏమయ్యో, చోకు మూయి!” అని అరిచాను.

“అబ్బో, ఈ పిల్లకి నోరుందే!” అంది పిన్ని. ఆటో అంతా నవ్వులే. ఆయన మాత్రం చోకు మూసి, వెనక్కి చూడకుండానే వెళ్లిపోయాడు.

కోపమొచ్చిందేమోనని రోజంతా పని సాగలేదు. సాయంత్రం వస్తూనే, “ఏమే, రేపు నువ్వే స్టార్ట్ చెయ్యి” అన్నాడు.

అందరి ముందూనా? మీరైతే చేస్తారా?